నాన్నగారు అనని మాట

మా రాజోలులో వైన్ అన్న మాటకి ద్రాక్షపండుతో ఏ సంబంధమూ లేదు. వైన్స్ అంటే ఒక కొట్టు. ఇనప ఊచల వెనక ఒక మనిషి కూర్చుని ఉంటాడు. ఊచల సందులోంచి డబ్బులు లోపలికీ, సీసాలు బయటికీ వెళుతుంటాయి. ఆ సీసాల్లో ఉండేది బ్రాందీ, విస్కీ, ఇంకా నోరు తిరగని పేర్లతో ఏవేవో. ద్రాక్షలోంచి తీసినది కావాలని అడిగితే కొట్టువాడే నవ్వుతాడు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఆ బోర్డు మీద రంగు మారుతుంది, పేరు కూడా మారుతుంది. జనం నోట్లో మాత్రం అది వైన్సే.

ద్రాక్షలోంచి తీసిన దానికి మా ఇళ్ళల్లో వేరే పేరుంది. మాది క్రైస్తవ కుటుంబం, ముత్తాతల నాటి నుంచీ. నెలకోసారి, మొదటి ఆదివారం, చర్చిలో వేలెడంత గ్లాసుల్లో ఇచ్చే దాన్ని ద్రాక్షారసం అంటాం. మా చర్చికి దాన్ని చేసేది మా అమ్మే. రావులపాలెం నుంచి వచ్చేవాళ్ళెవరైనా ఉంటే నల్లద్రాక్ష తెప్పిస్తుంది, లేకపోతే మా బజార్లో ఉన్నవాటిలోనే మంచివి ఏరుతుంది. పంచదార, లవంగాలు వేసి కాచి, ఉతికిన తెల్ల పంచె ముక్కలో వడకడుతుంది. కాస్తున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడదు. చిన్నప్పుడు గిన్నె అడుగున మిగిలింది రుచి చూద్దామని వేలు పెడితే నాకు వీపు మీద ఒక్కటి పడేది.

ఈ రెండు మాటలూ మా ఇంట్లో ఎదురెదురు పడతాయని నేనెప్పుడూ అనుకోలేదు. ఫ్రాన్సులో బోర్డో దగ్గరున్న ఒక ద్రాక్షతోట వాటిని రెంటినీ మా వసారాలోకి తెచ్చింది.

నేను అనువాదాలు చేస్తాను. పురుగుమందు డబ్బాల మీద జాగ్రత్తలు, నీళ్ళ ఫిల్టర్ల కాగితాలు, ఫోన్లో 'మళ్ళీ ప్రయత్నించండి' లాంటి ముక్కలు. తెలుగులో చదివి జనం విసుక్కునే వాటిలో చాలా భాగం నా చేతి పనే. హైదరాబాదులో ఒక టూర్ల కంపెనీ ఉంది. మనవాళ్ళని యూరప్ తీసుకెళ్ళి, చెవులకి తగిలించుకునే యంత్రం ఒకటిచ్చి, చూస్తున్న చోటు గురించి తెలుగులో వినిపిస్తారు. ఆ మాటలు నేను రాసిస్తాను. సరస్సులు, చర్చిలు, చాక్లెట్ ఫ్యాక్టరీలు అయ్యాక, ఈసారి వాళ్ళు పంపింది పేరుపడ్డ ఒక ద్రాక్షతోట చరిత్ర. తోట పేరు చెప్పకూడదని కంపెనీ షరతు. చెప్పినా మన నోట పలకదు, కాబట్టి నష్టమేమీ లేదు.

నాన్నగారు హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మా ఆయన ఉద్యోగం రాజోలులోనే కావడంతో పెళ్ళయ్యాక కూడా నేను అమ్మా నాన్నలతో ఒకే ఇంట్లో ఉండిపోయాను. మాట తట్టనప్పుడల్లా నాకు ఆయనే దిక్కు. ఆయన గొంతు పెద్దదేం కాదు. కానీ మొదటి బెంచీకీ చివరి బెంచీకీ ఒకేలా వినపడేదని ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. చర్చిలో వాక్యం, అంటే బైబిలు, చదవడానికి లేస్తే మైకు పక్కకి జరిపేసేవారు. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడివక్కడ పడేవి. చిన్నప్పుడు ఆ గొంతు నాకు కాస్త విసుగ్గా కూడా ఉండేది, ఎందుకంటే తిట్టినా పాఠం చెప్పినట్టే ఉండేది.

ఆ గొంతు పలకని మాట ఒకటే, వైన్. నాన్నగారికి ఒక్కడే తమ్ముడు, మా చిన్నాన్న. ఆయన ఆ కొట్టుకి అలవాటుపడి, ఆ కొట్టు అరుగు మీదే పోయాడు. కబురు తెలిసి నాన్నగారు స్కూలు మధ్యలో వదిలేసి వెళ్ళి, రిక్షాలో తమ్ముణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని ఇంటికి తెచ్చారు. అప్పటి నుంచీ ఆ వీధిలో నడవాల్సొస్తే రోడ్డుకి ఈ పక్కనే నడుస్తారు. ఎవరికైనా దారి చెప్పాల్సొచ్చినా 'ఆ కొట్టు దాటేక' అంటారే తప్ప దాని పేరు ఎత్తరు.

అలాంటి మనిషికి నేను బోర్డో తోట కథ చదివి వినిపించడం మొదలుపెట్టాను. సాయంత్రాలు వసారాలో కూర్చునేవాళ్ళం. అమ్మ పక్కనే మునగాకు దూస్తూ, వింటున్నట్టు కనపడకుండా వినేది. మొదటి పేజీ అవకుండానే నాన్నగారు చెయ్యెత్తారు.

"ఆగమ్మా. ఇటు నది, అటు సముద్రం, మధ్యలో నాలుకలాగ నేల. ఇది మన కోనసీమే కదూ!"

నిజమే. ఆ తోట ఉన్న సీమ ఒక పెద్ద నది వెడల్పై సముద్రంలో కలిసే చోట, రెంటికీ మధ్యన ఉంది. ఒకప్పుడు అదంతా చిత్తడి. హాలెండు నుంచి వచ్చిన నీటిపనివాళ్ళు కాలవలు తవ్వి ఆ నీటిని సముద్రంలోకి తోశారు. తేరుకున్న నేలలో అక్కడక్కడ గులకరాళ్ళ మెరకలున్నాయి. గోధుమ వేస్తే ఎండిపోయే రాళ్ళలో ద్రాక్ష ఒక్కటీ బతికింది. కోర్టులో పెద్ద పదవిలో ఉన్న వకీలు ఒకాయన ఆ రాళ్ళ నేలని ముక్కా చెక్కా కొని కలుపుకుంటూ పోయాడు. చుట్టుపక్కలవాళ్ళు ఆయన్ని పిచ్చివాడన్నారట. మనవడి కాలానికి ఆ తోటలో తీసినది రాజుగారి భోజనాల బల్ల మీదికి చేరింది.

"మన నేలకి లేనిది అదేనమ్మా, కష్టం," అన్నారు నాన్నగారు. "ఇక్కడ ఎండుకర్ర గుచ్చినా చిగురేస్తుంది. అక్కడ వేరు నీళ్ళ కోసం రాళ్ళ సందుల్లోంచి ఎంత లోపలికి పోవాలో రాసేరు చూసేవా? ఆ పండుకి రుచి రాక చస్తుందా?"

"మన కొబ్బరికాయకి రుచి లేదనా మీరనేది?" అంది అమ్మ మునగాకులోంచి తలెత్తకుండా.

ఆ తోటలోని మేడని నేను 'కోట' అని రాశాను. బురుజులు లేకుండా కోటేమిటని ఆయన కొట్టేసి 'దివాణం' అన్నారు. రకరకాల ద్రాక్షల రసాలు పాళ్ళు చూసి కలపడాన్ని నేను 'కలుపు' అన్నాను. ఆయన పడీపడీ నవ్వారు. "కలుపంటే రైతు పరిగెత్తుకొచ్చి పీకేస్తాడు. కూర్పు అను." ఆ మాట పడగానే నాకు ఆ పని కళ్ళకి కట్టింది. ఒకే తోటలో ఒక ద్రాక్ష త్వరగా పండుతుంది, ఇంకోటి ఆలస్యంగా. ఒకదానికి చిక్కదనం ఉంటుంది, ఒకదానికి వాసన ఉంటుంది. చలికాలం చివర నలుగురైదుగురు ఒక గదిలో కూర్చుని ఈ ఏడు ఏది ఎంత అన్నది తేలుస్తారు. ఆ గదిలో యజమాని మాట కూడా ఒక మాటేనట.

అన్నిటికంటే ఆయనకి నచ్చింది తరగతుల సంగతి. ఒక చక్రవర్తి కాలంలో పెద్ద ప్రదర్శన పెట్టి, ఆ సీమలోని తోటలన్నిటికీ వాటి సరుకు పలికే ధరని బట్టి తరగతులు వేశారు. మా తోటకి రెండో తరగతి వచ్చింది. ఆ తరగతులు ఇప్పటికీ దాదాపు అలాగే ఉన్నాయి.

"అప్పట్నించీ ఎవరూ మళ్ళీ పేపర్లు దిద్దలేదా?" అన్నారు నాన్నగారు.

"లేదు నాన్నా."

"అన్యాయం. ఓ ఏడాది పిల్లాడికి జ్వరం వచ్చుండచ్చు."

కంపెనీ పంపిన ఇంగ్లీషులో ఆ తోట ఎక్కడా పైకి అనలేదు కానీ ప్రతి పేజీలోనూ ఆ రెండో తరగతి గురించి అలిగి కూర్చుంది. 'మేము పోటీపడము' అని ఒకచోట. 'తెలిసినవారికి తెలుసు' అని ఇంకోచోట. గేటు మీద బోర్డు కూడా ఉండదట. కలిగిన ఇంట్లో పుట్టి, పెళ్ళిలో రెండో వరసలో కూర్చోబెడితే భోంచెయ్యకుండా వెళ్ళిపోయే పెదనాన్నల్లాంటిది ఆ తోట. నాకు దానిమీద జాలీ చిరాకూ రెండూ కలిగాయి.

వేరుపురుగు వచ్చిన కాలం దగ్గరికి వచ్చేసరికి నాన్నగారి నవ్వు ఆగింది. కంటికి కనపడీ కనపడనంత పురుగు. వేళ్ళని తినేస్తుంది. పైన ఆకు పచ్చగానే ఉంటుంది, పట్టి చూసేసరికి తీగ చేతికొచ్చేస్తుంది. మందు లేదు. నీళ్ళు కట్టి ముంచారు, రసాయనాలు పోశారు, ప్రార్థనలు చేయించారు. అప్పుడు తోట చూసుకుంటున్నది ఒక విధవరాలు. ఆవిడ ఏళ్ళ తరబడి రోజూ వరసల మధ్య నడుస్తూ, చచ్చిన తీగలు తీయించి తగలబెట్టించడం తప్ప ఇంకేమీ చెయ్యలేకపోయింది. చివరికి పురుగు ముట్టని అమెరికా ద్రాక్ష వేళ్ళు తెప్పించి, వాటిమీద తమ కొమ్మలు అంటు కట్టారు. ఇప్పటికీ అంతే, పైన కొమ్మ తమది, కింద వేరు పరాయిది.

"అంటే అన్నేళ్ళూ ఊరికే చూస్తూ ఉండటమేనా?" అన్నారు నాన్నగారు. ఆ మాట సగంలో బొంగురుపోయింది. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నారు, మళ్ళీ బొంగురుపోయింది.

ఆ బొంగురు అప్పటికి కొన్ని వారాల నుంచీ ఉంది. మిరియాల పాలు, ఉప్పునీళ్ళు, తులసాకు అన్నీ అయ్యాయి. రాజమండ్రిలో డాక్టరుగారు సన్నటి గొట్టం ముక్కులోంచి పంపి చూసి, ముక్క తీసి పరీక్షకి పంపి, రిజల్టు వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. పుండు ముదిరింది, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి, తీసేస్తే ప్రాణానికి భయం లేదు. నాన్నగారు అడిగింది ఒకటే.

"అంటే ఇంక చదవడం కుదరదన్నమాటండి."

"చదువుకోవచ్చండి మాస్టారూ, కళ్ళకేం కాదు కదా," అన్నారు డాక్టరుగారు, ధైర్యం చెప్పాలని.

ఆ వారంలోనే హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. నేను రాసినది చదవడానికి ఎంతసేపు పడుతుందో చూడమని అంతకుముందు ఓ పేజీ నాన్నగారి చేత చదివించి పంపాను. కంపెనీలో నాతో వ్యవహారాలు చూసే ఆయన ఉత్సాహంగా ఉన్నాడు. "ఎవరి గొంతు మేడం అది? ఇదే కావాలి. పాత పీపాలోంచి వస్తున్నట్టుంది. ఆ గరుకు ఉంది చూడండి, అది ఎంత డబ్బు పెట్టినా రాదు." ఆ గరుకు పుండుదని నేను చెప్పలేకపోయాను. ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

వద్దని నేనూ అమ్మా ఎంత చెప్పినా నాన్నగారు వినలేదు. ఆపరేషనుకి ఇంకా వ్యవధి ఉంది, ఎలాగూ పోయే గొంతు, ఎవరికైనా పనికొస్తే మంచిదేగా అన్నారు. కంపెనీ ఆయనకి మాత్రం ఫోన్లో ఒక షరతు పెట్టారు.

"మీరు పంపిన దాంట్లో అన్నిచోట్లా ఓ మాటుందండి. అది నేను అననండి. ద్రాక్షారసం అంటాను."

"సార్, అది చర్చిలో మాటలా ఉంటుంది. జనం జ్యూస్ అనుకుంటారు. వాళ్ళు వైన్ రుచి చూద్దామనే అంత దూరం వెళ్ళేది."

"రుచి చూసేక వాళ్ళకే తెలుస్తుంది కదండి జ్యూసో కాదో. అది ద్రాక్ష, అందులోంచి తీసింది రసం. మాటలో తప్పు లేదండి. నేననలేని మాట అది. మా తమ్ముడు పోయేడండి దాంతో."

"సరే సార్, మీ ఇష్టం. మీరు చదివేయండి," అన్నాడు. మా వైపు సరే అంటే సరే. అది తేలిపోయిందనుకున్నాం.

మాస్టారు వైన్స్ కొట్టుకి ప్రకటన చదువుతున్నారని ఊళ్ళో పుకారు లేవడానికి రెండు పూటలు కూడా పట్టలేదు. చర్చి అయ్యాక ఒకావిడ నేరుగానే అడిగింది. నాన్నగారు ఓపిగ్గా, ఉన్న కాస్త గొంతుతో, అది ఫ్రాన్సులో ద్రాక్షతోట అనీ, దాని చరిత్ర చదువుతున్నాననీ చెప్పారు. "ద్రాక్షతోటాండీ! అయితే బైబిల్లో వాక్యమే కదండీ మాస్టారూ," అని ఆవిడ తృప్తిగా వెళ్ళిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

రికార్డింగు అమలాపురంలో. బట్టల కొట్టు పైన, క్రైస్తవ పాటలు రికార్డు చేసే చిన్న గది. నాన్నగారు తెల్లచొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకుని, స్కూలుకి వెళ్ళినట్టే వెళ్ళారు. కాసేపు చదవడం, ఆగడం, అమ్మ ఫ్లాస్కులోంచి పోసిన వేడినీళ్ళు రెండు గుక్కలు తాగడం, మళ్ళీ చదవడం. నేను అద్దం ఇవతల కూర్చున్నాను. చిత్తడి నేల అయింది, వకీలు అయ్యాడు, తరగతులు అయ్యాయి. వేరుపురుగు దగ్గర ఆయన ఎక్కడా తడబడలేదు. వసంతంలో చిగురు మీద మంచు పడితే ఏడాది పంట పోతుందని, వరసల మధ్య కుంపట్లు వెలిగించి కాపలా కాయడం, తెల్లారాక చిగుళ్ళు నల్లబడి ఉంటే మాట్లాడకుండా కుంపట్లు ఎత్తుకుని వెళ్ళిపోవడం, అదంతా తను చూసివచ్చినట్టు చదివారు.

చివరి భాగం పీపాలుండే నేలమాళిగ. 'ఇక్కడ గొంతు తగ్గించండి. ఇక్కడ ద్రాక్షారసం నిద్రపోతోంది. దీనికి వెలుతురు గిట్టదు, చప్పుడు గిట్టదు. దీన్ని లేపే రోజు మాకు కూడా తెలియదు.' నేనే రాసిన మాటలు. ఆయన నోట వింటుంటే నేను రాసినట్టు లేవు. ఆ గది తలుపు తోసుకుని వెళ్ళి ఆయన్ని ఆపెయ్యాలనిపించింది, ఆ గొంతుని ఈ తోటవాళ్ళకి ఇవ్వకుండా ఇంటికి పట్టుకుపోవాలనిపించింది. కానీ కదలకుండా కూర్చున్నాను.

అంతా అయ్యాక అడిగాను. "నాన్నా, ఎలాగూ మైకు ఉంది. మాకోసం కూడా ఏదన్నా చెప్పండి. ఏదైనా సరే."

ఆయనకి కోపం వచ్చింది. "నేనేమన్నా పోతున్నానా? చెప్పాల్సింది ఇంటికెళ్ళి చెప్తాను, పద."

ఇంటికి వచ్చాక ఆయన గొంతు పీలికలైపోయింది. మాట్లాడొద్దని డాక్టరుగారు ఫోన్లో గట్టిగా చెప్పారు. అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం, ఒకరికొకరం వాయిస్ మెసేజీలు ఎందుకు పంపుకుంటాం? నా ఫోనంతా వెతికితే, కంపెనీకి పంపిన ఆ ఒక్క పేజీ కాక, రెండు మూడు వీడియోలు దొరికాయి. వాటిలో ఫ్యాను చప్పుడు, చుట్టాల కేకలు, ఎక్కడో వెనక ఆయన 'కూర్చోండి కూర్చోండి' అనడం. అంతే.

ఆపరేషను బాగానే జరిగింది. ఆ మాట అందరూ అంటారు, నేనూ అంటాను. మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. గొంతుకి ఆనించి మాట్లాడే యంత్రం ఒకటి ఇచ్చారు. అందులోంచి కందిరీగ మాట్లాడినట్టు వచ్చింది. నాన్నగారు ఒక్కసారి విని, దాన్ని పెట్టెలో పెట్టి, పెట్టె బీరువాలో పెట్టేశారు. అమ్మ కావాలంటే స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడతారు. అమ్మ వస్తుంది. వచ్చి, ఏం కావాలో ఆయన మొహంలో చూసి తెలుసుకుంటుంది. వేరేది తెస్తే ఆయన కళ్ళు మూసుకుంటారు. అమ్మ మళ్ళీ వెళ్ళి ఇంకోటి తెస్తుంది.

వానలు మొదలయ్యాక ఒకరోజు కంపెనీ ఆయన మెసేజి పెట్టాడు. 'ఫైనల్ మేడం. అద్భుతంగా వచ్చింది. సార్‌కి వినిపించండి.'

వసారాలో ముగ్గురం కూర్చున్నాం. నేను ఫోను స్టూలు మీద పెట్టి నొక్కాను. 'మా దివాణానికి స్వాగతం' అంది నాన్నగారి గొంతు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్నగారు వెనక్కి వాలి కళ్ళు మూసుకుని వింటున్నారు. ఒకచోట వేలు ఎత్తారు, పిల్లాడు బాగా చదివినప్పుడు ఎత్తేవారు చూడండి, అలాగ. చిత్తడి, కాలవలు, గులకరాళ్ళు. ఆపరేషను తర్వాత ఆయన మొహంలో అంత సంతోషం నేను చూడలేదు.

'ఈ రాళ్ళలో పుట్టిన మా వైన్,' అంది నాన్నగారి గొంతు.

నేను ఇంకేదో విన్నాననుకున్నాను. తర్వాతి వాక్యంలో మళ్ళీ వచ్చింది. అదే గొంతు, అదే గరుకు, ఒత్తు పడాల్సిన చోటే పడింది. పీపాల దగ్గరికి వచ్చేసరికి, 'ఇక్కడ వైన్ నిద్రపోతోంది.'

నాన్నగారు లేచి నిలబడ్డారు. ఆయన పెదవులు కదిలాయి, మెడ మీద గుడ్డ గాలికి లేచి పడింది, మాట మాత్రం లేదు. నావైపు తిరిగి మళ్ళీ అన్నారు. 'నేను కాదు' అంటున్నారని పెదవులు చూస్తే తెలిసింది. 'నేననలేదు.' ఆయన అనలేదని నాకు తెలీదా? కానీ అనలేదని చెప్పడానికి ఆయన దగ్గర ఇంకేమీ లేదు. ఆయన గొంతు స్టూలు మీద హాయిగా చదువుకుంటూ పోతోంది.

ఒళ్ళు మండి అప్పటికప్పుడే ఫోను చేశాను, స్పీకరు పెట్టి.

"కంప్యూటర్ మేడం," అన్నాడాయన. "సార్ గొంతు అంతసేపు ఉంది కదా, అది నేర్చేసుకుంది. ఇప్పుడు ఏ మాటైనా అంటుంది. తేడా తెలిసిందా మీకు? లేదు కదా?"

"ఆయన అననన్నారు కదండీ! మీరు సరే అన్నారు!"

"సార్ అనలేదు కదా మేడం. కంప్యూటర్ అంది." వేళాకోళం కాదు, నిజంగానే నాకు నచ్చజెబుతున్నాడు. "ఆ తోటవాళ్ళు ఒప్పుకోలేదు మేడం, జ్యూస్ అంటే వాళ్ళకి అవమానం. మార్పులు చేసుకోవచ్చని సార్ సంతకం పెట్టిన కాగితంలో ఉంది. అయినా ఇప్పుడేం చెయ్యలేం, బ్యాచ్ వెళ్ళిపోయింది. ఈపాటికి అక్కడ వింటుంటారు."

నేను అరిచాను. ఏం అరిచానో సగం గుర్తులేదు. కోర్టు అన్నాను, పరువు అన్నాను. ఆయన ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా అంతా విన్నాడు. నా దగ్గర మాటలు అయిపోయాక మెల్లగా అన్నాడు: "సారీ మేడం. సార్‌కి గొంతు పోయిందని నాకు తెలీదు. మీకు ఏమన్నా కావాలంటే చెప్పండి, సార్ గొంతులో. టైపు చేసి పంపండి చాలు, నేను చేయించి పంపుతాను. డబ్బులేమీ వద్దు." మంచివాడే. అందుకే నాకు ఇంకా ఏం చెయ్యాలో పాలుపోలేదు.

ఫోను పెట్టేశాను. అప్పుడు అమ్మ నా దగ్గరికి జరిగి, నాన్నగారికి వినపడదన్నట్టు, నేల చూస్తూ అంది.

"'ఏవోయ్' అనమని రాయవే. ఒక్కసారి. ఊరికే, కాఫీకి పిలిచినట్టు."

నాన్నగారు అక్కడే ఉన్నారు. వినపడింది. నేను ఆయన వైపు చూడలేకపోయాను. అమ్మకి వద్దని చెప్పాలా, ఆయన్ని అడగాలా? ఆయన చాలాసేపు అమ్మనే చూశారు. తర్వాత చెయ్యి చాపి నా చేతిలో ఫోను తీసుకున్నారు. ఒక్క వేలుతో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ, ఓత్వం, పొల్లు సరిచూసుకుని, ఆ మాట తనే రాసి, పంపమని నాకు తిరిగిచ్చారు.

మర్నాడు పొద్దున వచ్చింది. అమ్మ వంటింట్లో ఉంది. ఆవిడకి చెప్పకముందే ఎలా ఉందో చూద్దామని నాన్నగారు సైగ చేస్తే, వసారాలో నొక్కాను.

"ఏవోయ్."

"ఆయ్, వస్తన్నానండీ," అని వంటింట్లోంచి వినపడింది. అమ్మ గబగబా చేతులు తుడుచుకుంటూ వచ్చి, నాన్నగారి ముందు నిలబడి, ఏం కావాలండీ అని అడిగింది.